30 బ్యాటరీలో టాప్ ఎండా, 45 బ్యాటరీలో కింది వేరియంటా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఖమ్మంలో ఉంటారు. రోజూ స్కూలుకి రానూ పోనూ 46 కిలోమీటర్లు. నెలకి రెండుసార్లు హైదరాబాదు. ఇంట్లో అమ్మానాన్న, ఇద్దరు పిల్లలు, అందరికీ కారు ఒక్కటే. టాటా వాళ్ళ కరెంటు కారు నెక్సాన్ ఈవీ అని నిర్ణయించేసుకున్నారు. 30 బ్యాటరీలో (అంటే 30 యూనిట్ల కరెంటు పట్టేది) ఫీచర్లన్నీ ఉన్న పై వేరియంటు తీసుకోవాలా, దాదాపు అదే డబ్బుకి 45 బ్యాటరీలో కింది వేరియంటు తీసుకోవాలా, లేక ఇంకో రెండు లక్షలు వేసుకుని 45లోనే టాప్ ఎండ్‌కి వెళ్ళాలా? షోరూం వాళ్ళు మూడోది తీసుకోమని పట్టుబడుతున్నారు.

నా సమాధానం: 45 బ్యాటరీలో కింది నుంచి రెండో వేరియంటు తీసుకోండి. 30 బ్యాటరీ టాప్ ఎండ్ మీకు వద్దు. 45 టాప్ ఎండ్ మంచిదే కానీ ఆ రెండు లక్షలకి మీ ఇంట్లో ఇంకా మంచి ఉపయోగాలు ఉంటాయి.

నేను 2020 నుంచి కరెంటు కారే నడుపుతున్నాను. ఇప్పుడున్నది రెండోది. చుట్టాల్లో, స్నేహితుల్లో ఏడెనిమిది మందికి వేరియంటు ఎంచుకోవడంలో సాయం చేశాను, వాళ్ళ కార్లు ఎలా నడుస్తున్నాయో ఇప్పటికీ కనుక్కుంటూనే ఉంటాను. కింద రాసేది ఆ అనుభవంతోనే.

పెట్రోలు కారు కొనేటప్పుడు బేస్ మోడల్‌కీ టాప్ ఎండ్‌కీ ట్యాంకు ఒకటే. ఎంత దూరం పోతుందన్నది వేరియంటుతో మారదు. అందుకే మనకి వేరియంటు అంటే సన్‌రూఫ్, అలాయ్ వీల్స్, పెద్ద స్క్రీను అనే ఆలోచన అలవాటైపోయింది. కరెంటు కారు దగ్గరికి వచ్చేసరికి వేరియంటుతో పాటు ట్యాంకే మారిపోతుంది. సీట్ కవరు, కెమెరా, స్పీకర్లు రేపు మార్చుకోవచ్చు. బ్యాటరీ మాత్రం కొన్న రోజు ఏది ఉంటే అదే, కారు అమ్మేదాకా. కాబట్టి ముందు బ్యాటరీ తేల్చుకుని, ఆ తర్వాతే ఫీచర్ల పేజీ తెరవండి. చాలామంది తిరగేసి చేస్తారు, ఆ తర్వాత బాధపడతారు.

మీ లెక్క వేద్దాం. కిలోవాట్ అవర్ అని బ్రోషర్‌లో రాసేది మన కరెంటు మీటర్లో తిరిగే యూనిట్టే. 45 బ్యాటరీ అంటే 45 యూనిట్లు పట్టే ట్యాంకు. పూర్తిగా నింపి బయల్దేరి, 15 శాతం దగ్గర ఆగాలనుకుంటే (అంతకంటే కిందికి దింపితే ఇంట్లో వాళ్ళందరికీ టెన్షనే) వాడుకోగలిగేది 38 యూనిట్లు. హైవే మీద 90–100 వేగంతో, నలుగురైదుగురితో, ఏసీ వేసుకుని పోతే ఈ సైజు కారు కిలోమీటరుకి 0.155 యూనిట్ దాకా తాగుతుంది. అంటే దాదాపు 245 కిలోమీటర్లు. 30 బ్యాటరీకి అదే లెక్క వేస్తే 165.

ఖమ్మం నుంచి హైదరాబాదు సుమారు 200. సూర్యాపేట దాటి, కొర్లపహాడ్ టోల్ దాటి, పంతంగి టోల్ దాటి వెళ్ళాలి. 45 బ్యాటరీతో ఎక్కడా ఆగకుండా ఎల్బీనగర్ చేరి, ఇంకా 30 శాతం దాకా మిగులుతుంది. ఆ మిగిలినదానితో ఊళ్ళో ఒక రోజు పని చూసుకోవచ్చు. 30 బ్యాటరీతో అయితే చౌటుప్పల్ లోపు ఎక్కడో ఒకచోట ఛార్జింగ్ పెట్టి తీరాలి. ఆగడం పెద్ద కష్టం కాదు, టిఫిన్‌కి ఎలాగూ ఆగుతాం. ఆగాలనిపించి ఆగడం వేరు, ఆగక తప్పక ఆగడం వేరు. ఆగక తప్పని చోట ఛార్జర్ పని చేయకపోతే ఏమవుతుందో నాకు తెలుసు.

నా మొదటి కారు చిన్న బ్యాటరీదే, 30 యూనిట్లు. అందులో ఉన్నదాంట్లో పై వేరియంటు తీసుకున్నాను. లెదర్ సీట్లు, సన్‌రూఫ్, అన్నీ ఉన్నాయి. మాది హనుమకొండ. కొన్నేళ్ళకి ఒక మే నెలలో అమ్మకి హైదరాబాదులో కంటి డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటు ఉంది. ముందురోజు రాత్రి గాలిదుమారానికి కరెంటు పోయి తెల్లవారుజామున ఎప్పుడో వచ్చింది. పొద్దున చూస్తే 78 శాతం ఉంది. భువనగిరిలో ఒక అరగంట పెట్టుకుందాంలే అని బయల్దేరాం. భువనగిరి చేరేసరికి 20 శాతం. ఛార్జర్ స్క్రీను మీద ఎర్ర అక్షరాలు, పని చేయడం లేదు. అక్కడున్న కుర్రాడు నిన్నటి నుంచీ ఇంతే సార్ అన్నాడు. ఉప్పల్ ఇంకా 38 కిలోమీటర్లు. ఏసీ ఆపేశాను, అద్దాలు దించాను, లారీల వెనకే 50 మీద పోనిచ్చాను. పదకొండున్నర ఎండ. అమ్మ వెనక సీట్లో కొంగు తలమీద కప్పుకుని, ఏమీ అనకుండా కూర్చుంది. అద్దంలో ఆమె ముఖం కనిపిస్తూనే ఉంది. ఉప్పల్‌లో ఛార్జర్ దగ్గర ఆపేసరికి 4 శాతం ఉంది. ఆ లెదర్ సీటు తాకితే చెయ్యి చుర్రుమంది.

ఆ రోజు నా కారులో ఉన్న ఫీచర్లలో ఒక్కటి కూడా అమ్మకి ఉపయోగపడలేదు. ఇంకో పది యూనిట్ల బ్యాటరీ ఉండి ఉంటే ఆమె ఏసీలో నిద్రపోతూ వెళ్ళేది. మీ ఇంట్లో కూడా అమ్మానాన్న ఉన్నారని రాశారు కాబట్టి ఇది చెప్తున్నాను. రోజూ వెళ్ళే 46 కిలోమీటర్లని చూసి బ్యాటరీ ఎంచుకోకండి. ఏడాదిలో మీకు తరచుగా ఎదురయ్యే కష్టమైన ప్రయాణాన్ని చూసి ఎంచుకోండి. మీకు ఆ ప్రయాణం నెలకి రెండుసార్లు ఉంది.

కంపెనీ చెప్పే రేంజి గురించి ఒక మాట. 45 బ్యాటరీ నెక్సాన్‌కి పరీక్షలో వచ్చింది 489 కిలోమీటర్లు. అది ల్యాబులో రోలర్ల మీద చేసే పరీక్ష. రోడ్డు మీద 350 నుంచి 370 వస్తుందని 'సీ75' పేరుతో కంపెనీయే విడిగా చెప్పింది, అంటే నూటికి 75 మంది కస్టమర్లకి వచ్చే దూరం అని. 100 నుంచి సున్నా దాకా, ఊరూ హైవే కలిపి నిదానంగా నడిపితే అది నిజమే. నా 245 లెక్క హైవేకి, 15 శాతం దగ్గర ఆగేవాళ్ళకి. రెండూ అబద్ధం కాదు. మీరు వేరియంట్లని పోల్చేటప్పుడు మాత్రం ఏ లెక్క తీసుకుంటే రెండిటికీ అదే తీసుకోండి. షోరూంలో ఒకదానికి పరీక్ష అంకె, ఇంకోదానికి రోడ్డు అంకె చెప్తే గందరగోళం అవుతుంది.

ఏసీ ఎంత తాగుతుందని చాలామంది అడుగుతారు. మే నెలలో గంటకి 1 నుంచి 1.5 యూనిట్లు. హైదరాబాదుకి మూడున్నర గంటలైతే నాలుగైదు యూనిట్లు. 45లో అది పదో వంతు, 30లో ఆరో వంతు. చిన్న బ్యాటరీలో ప్రతిదీ ఇలాగే పెద్దగా కనిపిస్తుంది. బ్యాటరీ పాతబడటం కూడా అంతే. ఎనిమిదేళ్ళకి ఐదో వంతు తగ్గిందనుకోండి, 45 కాస్తా 36 అవుతుంది, అప్పటికీ మీకు పనికొస్తుంది. 30 కాస్తా 24 అవుతుంది, దానితో హైదరాబాదు ఆలోచనే మానుకోవాలి.

వారంటీలో కూడా తేడా ఉంది, ఇది కొటేషన్ కాయితంలో కనిపించదు. 2025 జూలైలో టాటా వాళ్ళు నెక్సాన్ ఈవీ 45కీ, కర్వ్ ఈవీకీ బ్యాటరీ మీద 'లైఫ్‌టైమ్' వారంటీ ప్రకటించారు. వాళ్ళ లెక్కలో లైఫ్‌టైమ్ అంటే రిజిస్ట్రేషన్ నుంచి 15 ఏళ్ళు, మొదటి యజమానికి. మామూలుగా ఈ కార్లకి ఇచ్చేది 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్లు. మీ వయసులో ఉన్నవాళ్ళు ఒక కారు పదేళ్ళు వాడతారు కాబట్టి ఈ తేడాకి చాలా విలువ ఉంది. మీ కొటేషన్‌లో ఉన్న రెండు వేరియంట్లకీ ఏ వారంటీ వర్తిస్తుందో రాతపూర్వకంగా అడగండి.

ఇక ఫీచర్లు. 45 బ్యాటరీ ఖాయం అనుకున్నాక, అట్టడుగు వేరియంటు ఎందుకు వద్దు, ఒక మెట్టు పైకి ఎందుకు అంటున్నానో చెప్పాలి. 45 బ్యాటరీ 2024 సెప్టెంబరులో వచ్చినప్పుడు క్రియేటివ్ 13.99 లక్షలు, ఫియర్‌లెస్ 14.99, ఎంపవర్డ్ 15.99, ఎంపవర్డ్ ప్లస్ 16.99 ఉండేవి, అన్నీ ఎక్స్ షోరూం. ఇప్పటి ధర మీ కొటేషన్‌లో చూసుకోండి. మెట్టుకి లక్ష అన్నమాట. లక్ష అంటే ఐదేళ్ళ లోనులో 9 శాతం వడ్డీకి నెలకి దాదాపు 2,075. ప్రతి మెట్టు దగ్గరా మిమ్మల్ని మీరు అడగాల్సింది ఇదే: ఈ మెట్టులో వచ్చేవాటిలో రేపు బయట పెట్టించుకోలేనివి ఏవి, వాటిలో నేను వారానికి ఒక్కసారైనా వాడేవి ఏవి?

బయట పెట్టించుకోలేనివి, పెట్టించుకోకూడనివి: ముందుగా భద్రత. ఆరు ఎయిర్‌బ్యాగులు, కారు అదుపు తప్పి జారకుండా చూసే ఈఎస్‌పీ, వెనక మధ్య సీటుకి కూడా మూడు చోట్ల పట్టే బెల్టు. నెక్సాన్‌లో ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని వేరియంట్లకీ ఉన్నాయి, 2024లో కార్లని గుద్దించి భద్రత చూసే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఐదు స్టార్లు కూడా వచ్చాయి, కాబట్టి ఈ విషయంలో మీకు చింత లేదు. వేరే కారు చూస్తే మాత్రం మొదట చూడాల్సింది ఇదే. ఆ తర్వాత క్రూజ్ కంట్రోల్ (పెట్టిన వేగాన్ని కారే నిలుపుకునేది), రీజెన్ తగ్గించుకుని పెంచుకునే ప్యాడిల్స్ (స్టీరింగ్ వెనక ఉండే మీటలు, రీజెన్ అంటే ఏంటో కింద చెప్తాను), వెనక ఏసీ వెంట్లు, ఫోనులోంచి ఏసీ వేసుకునే సౌకర్యం, ముందు సీట్లకి గాలి వచ్చే వెంటిలేషన్, 360 కెమెరా.

వీటిలో ఫోను నుంచి ఏసీ వేసుకోవడం గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే బ్రోషర్‌లో అది 'కనెక్టెడ్ ఫీచర్లు' అనే ఒక్క మాట కింద దాక్కుని ఉంటుంది. మీ కారు పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్కూలు గ్రౌండులో ఎండలో ఉంటుంది. నాలుగింటికి తలుపు తీస్తే స్టీరింగ్ పట్టుకోలేరు. క్లాసులోంచి వచ్చేముందు ఫోనులో నొక్కితే మీరు వచ్చేసరికి లోపల చల్లగా ఉంటుంది, ఇంజను నడవదు కాబట్టి పొగా లేదు, శబ్దమూ లేదు. కరెంటు కారులో నాకు అన్నిటికంటే ఇష్టమైన సుఖం ఇదే. ఇది ఏ వేరియంటు నుంచి ఉందో చూసి, అక్కడి నుంచే మొదలుపెట్టమంటాను. ఏసీ వెంట్లు వెనక లేకపోతే మీ నాన్నగారికి తెలుస్తుంది, మీకు తెలియదు.

ప్యాడిల్స్ కూడా అంతే. యాక్సిలరేటర్ మీద కాలు తీయగానే కారు దానంతటదే నెమ్మదించి ఆ శక్తిని బ్యాటరీలోకి వెనక్కి పంపడమే రీజెన్. ఊళ్ళో ట్రాఫిక్‌లో ఎక్కువ పెట్టుకోవాలి, హైవే మీద తక్కువ పెట్టుకోవాలి, వెనక సీట్లో పెద్దవాళ్ళు ఉంటే కుదుపు లేకుండా బాగా తగ్గించుకోవాలి. మా ఇంట్లో అమ్మకి కారు పడదు, వాంతి వస్తుంది. రీజెన్ తగ్గించాక ఆ బాధ తగ్గింది.

వెంటిలేటెడ్ సీట్లు మన ఎండలకి నిజంగా బాగుంటాయి, కాదనను. దాని కోసం ఇంకో లక్షో రెండు లక్షలో పెట్టగలిగితే పెట్టండి. లోను పెంచి మాత్రం వద్దు.

సన్‌రూఫ్ విషయంలో నా అభిప్రాయం గట్టిదే. ఖమ్మంలో, విజయవాడలో, రామగుండంలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా నెత్తి మీద అద్దం పెట్టుకోవడం ఏసీకి అదనపు పని. పిల్లలు తల బయటికి పెడతామని మారాం చేస్తారు, అది ప్రమాదం. రంగులు మారే లైట్లు, పెద్ద స్క్రీను, అదనపు స్పీకర్లు నెల రోజుల ముచ్చట. పెద్ద చక్రాలు అందంగా ఉంటాయి, రేంజి కొంచెం తింటాయి, టైరు మార్చేటప్పుడు జేబూ తింటాయి.

కింది వేరియంటు తీసుకుని మిగతావి బయట పెట్టించుకుంటాను అనే ఆలోచన మంచిదే, రెండు జాగ్రత్తలతో. మొదటిది సీట్ కవర్లు. చాలా కార్లలో పక్క ఎయిర్‌బ్యాగు సీటు అంచులోంచే తెరుచుకుంటుంది. సీటు అంచు మీద చిన్న ట్యాగు కుట్టి ఉంటుంది, చూడండి. దాని మీద బిగుతుగా లెదరెట్ కవరు లాగి కుట్టేస్తే, కావలసిన క్షణంలో ఎయిర్‌బ్యాగు సరిగ్గా తెరుచుకోకపోవచ్చు. ఎయిర్‌బ్యాగు దగ్గర ఊడే కుట్టు ఉన్న కవర్లు విడిగా దొరుకుతాయి, లేదంటే కంపెనీ కవర్లే తీసుకోండి. రెండోది వైర్లు. విజయవాడలో మా స్నేహితుడు బేస్ మోడల్ కొని, బయట ఒక షాపులో రివర్స్ కెమెరా, లైట్లు పెట్టించాడు. వాళ్ళు వైరు కోయకుండా తగిలించే కప్లర్ వాడకుండా ఒరిజినల్ వైరు కోసి, టేపు చుట్టి కలిపారు. వానాకాలంలో డాష్ బోర్డులో హెచ్చరికలు రావడం మొదలైంది. సర్వీసు వాళ్ళు టేపు విప్పి చూపించి, ఈ వైరింగ్‌కి వారంటీ రాదన్నారు. దాదాపు 20 వేలు వదిలాయి. వైరు కోయాల్సిన పని ఏదైనా సరే, కరెంటు కారులో బయట చేయించకండి.

ఇప్పుడు ఛార్జర్ సంగతి, ఎందుకంటే ఇది కూడా వేరియంటు పేరుతోనే అమ్ముతారు. చాలా కార్లలో మామూలు 15 యాంప్స్ ప్లగ్గుకి పెట్టే 3.3 కిలోవాట్ ఛార్జర్ కారుతో పాటు ఇస్తారు, గోడకి బిగించే 7.2 కిలోవాట్‌ది కావాలంటే దాదాపు 50 వేలు అదనం. క్రెటా ఎలక్ట్రిక్‌లో 11 కిలోవాట్ ఛార్జర్‌కి 73 వేలు అదనంగా పెట్టారు. మహీంద్రా బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈ ప్రకటించినప్పుడు ఛార్జర్ ధర కారు ధరలో కలపలేదు. కాబట్టి ఏ రెండు కొటేషన్లు పోల్చినా, ఛార్జర్ లోపల ఉందా బయట ఉందా అని మొదట అడగండి.

మీకు 7.2 అక్కర్లేదు. రోజుకి 46 కిలోమీటర్లకి మీరు వాడేది ఆరు యూనిట్లు. 15 యాంప్స్ ప్లగ్గు మీద అది రెండు గంటల పని. హైదరాబాదు వెళ్ళే ముందురోజు సగం నుంచి నింపాలన్నా రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా చాలు. రాత్రి హైదరాబాదు నుంచి వచ్చి పొద్దున్నే మళ్ళీ హైదరాబాదు వెళ్ళే ఉద్యోగం అయితే వేరే సంగతి. పైగా 7.2 అంటే 32 యాంప్స్ లాగుతుంది. మీ మీటరు మీద శాంక్షన్డ్ లోడ్ (కరెంటు ఆఫీసు మీ ఇంటికి మంజూరు చేసిన లోడు) రెండో మూడో కిలోవాట్లు ఉంటే ముందు దాన్ని పెంచుకోవాలి, వైరు మార్చాలి. ఆ ఖర్చు షోరూంలో ఎవరూ చెప్పరు.

ఆ 50 వేలలో పదో వంతు ఎర్తింగ్ మీద పెట్టండి. మా చిన్నాన్నది జనగామలో పాత ఇల్లు. కొత్త కారు వచ్చింది, ప్లగ్గు పెట్టాం, ఛార్జర్ మీద ఎర్ర లైటు. కారు పాడైపోయి వచ్చిందని ఇంట్లో అందరికీ కంగారు. ఎలక్ట్రీషియన్ వచ్చి స్విచ్ బోర్డు విప్పితే, పై రంధ్రం వెనక ఆకుపచ్చ వైరు ఉంది గానీ, దాని రెండో కొస మీటరు బోర్డు దగ్గర మడిచి టేపు చుట్టి ఉంది. ముప్పై ఏళ్ళుగా ఆ ఇంటికి ఎర్తే లేదు! బావి పక్కన ఎనిమిది అడుగుల గొయ్యి తీసి, జీఐ పైపు దింపి, చుట్టూ ఒక వరస బొగ్గు, ఒక వరస రాళ్ళ ఉప్పు పోసి, పది బిందెల నీళ్ళు పోశారు. సాయంత్రం మీటరు పెట్టి చూస్తే న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు వోల్టులు చూపించింది. ఛార్జర్ మీద పచ్చ లైటు వచ్చింది. పిన్ని గీజరు ముట్టుకుంటే అప్పుడప్పుడూ జిల్లుమనేదట, అదీ ఆ రోజుతో ఆగిపోయింది. కారు బుక్ చేయకముందే ఈ పని చేయించుకోండి. కారు కొన్నా కొనకపోయినా ఇంట్లో పిల్లలున్నవాళ్ళకి అవసరమే.

డబ్బు లెక్కలు త్వరగా. తెలంగాణలో 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 దాకా కరెంటు వాహనాలకి రోడ్ టాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ. పెట్రోలు కారుకి ఇక్కడ ధరలో ఇంత శాతం అని లైఫ్ టాక్సు పడుతుంది, కాబట్టి అక్కడ వేరియంటు ఒక మెట్టు ఎక్కితే టాక్సు కూడా ఎక్కుతుంది. మీకు ఆ బాధ లేదు, లక్ష తేడా అంటే ఆన్ రోడ్‌లో కూడా ఇంచుమించు లక్షే. ఈ మాఫీని చూపించే టాప్ ఎండ్ తీసుకోమంటారు, టాక్సు మిగిలింది కదా అని. మిగిలింది మీకు, వాళ్ళకి కాదు. ఎక్స్ షోరూం పది లక్షలు దాటితే 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్ళే ముందుగా తీసుకుని కట్టే ఆదాయపు పన్ను) వసూలు చేస్తారు. అది పోయిన డబ్బు కాదు, మీ పాన్ మీద జమ అవుతుంది, రిటర్న్ వేసేటప్పుడు లెక్కలో చూపించుకోండి.

ఇన్సూరెన్సులో ఒక చిన్న విషయం ఉంది, మీకు వర్తించదు గానీ చదివే మిగతావాళ్ళకి పనికొస్తుంది. థర్డ్ పార్టీ ప్రీమియం కరెంటు కార్లకి మోటారు కిలోవాట్లని బట్టి ఉంటుంది. 2022 జూన్ నుంచి అమలైన రేట్లలో 30 నుంచి 65 కిలోవాట్ల దాకా ఏడాదికి 2,904, 65 దాటితే 6,712. 2024 జనవరిలో వచ్చిన పంచ్ ఈవీలో 25 బ్యాటరీకి 60 కిలోవాట్ల మోటారు, 35 బ్యాటరీకి 90. అంటే ఒకే కారులో బ్యాటరీ మారితే ఆ లైను కూడా మారుతుంది. కొత్త కారుకి మూడేళ్ళది ఒకేసారి కడతాం కాబట్టి కొటేషన్‌లో తేడా బాగానే కనిపిస్తుంది. నెక్సాన్‌లో రెండు మోటార్లూ 65 పైనే.

టాప్ ఎండ్‌కి రీసేల్ ఎక్కువ వస్తుందనేది షోరూంలో తప్పకుండా వినిపించే మాట. ఇన్సూరెన్సు వాళ్ళు కారు విలువ లెక్కగట్టేటప్పుడు నాలుగు నుంచి ఐదేళ్ళ కారుకి 50 శాతం తీసేస్తారు. సన్‌రూఫ్‌కి పెట్టిన లక్షలోనూ సగం పోతుంది. నేను నా మొదటి కారు అమ్మినప్పుడు ఆరుగురు వచ్చి చూశారు. ఆరుగురూ మొదట అడిగింది ఫుల్ ఛార్జికి ఎంత చూపిస్తోంది, బ్యాటరీ వారంటీ ఎన్నేళ్ళు మిగిలి ఉంది అని. సన్‌రూఫ్ గురించి ఒక్కరు అడిగారు.

నా సమాధానం ఎవరికి పనికిరాదు? మా అక్కయ్య కూకట్‌పల్లిలో ఉంటుంది, ఆఫీసు గచ్చిబౌలి. రోజుకి 30 కిలోమీటర్ల లోపే. ఊరెళ్ళాలంటే బావగారి డీజిల్ కారు ఉంది. ఆమె నన్ను అడిగితే చిన్న బ్యాటరీలో పై వేరియంటే తీసుకోమన్నాను. రోజూ రెండు గంటలు ట్రాఫిక్‌లో కూర్చునే మనిషికి మంచి సీటు, కెమెరా, చల్లటి గాలి కావాలి. వాడని బ్యాటరీని మోసుకుంటూ తిరిగి లాభం లేదు. మూడేళ్ళయింది, ఒక్కసారి కూడా బయట ఛార్జింగ్ పెట్టలేదు. ఇంట్లో రెండో కారుగా కొనేవాళ్ళు, ఊరు దాటనివాళ్ళు, ఏడాదికి ఒకటి రెండుసార్లే దూరం వెళ్ళి అప్పుడు రైలో అద్దె కారో చూసుకోగలిగేవాళ్ళు నేను మీకు చెప్పినదానికి ఉల్టా చేయాలి.

ఇంకో చిక్కు ఉంటుంది. కొన్ని కార్లలో పెద్ద బ్యాటరీ కావాలంటే టాప్ ఎండే కొనాలి, వేరే దారి ఉండదు. మహీంద్రా కార్లకి మొదట్లో 79 బ్యాటరీని వాళ్ళ టాప్ వేరియంటు ప్యాక్ త్రీతోనే ఇచ్చారు, తర్వాత దాని కింది ప్యాక్ టూలోకి వచ్చింది. ఇలాంటప్పుడు తొందర లేకపోతే ఆరు నెలలు ఆగడం మంచిది. కింది వేరియంట్లలోకి పెద్ద బ్యాటరీ దిగడం తరచుగా జరుగుతోంది. నెక్సాన్‌లో మీకు ఆ ఇబ్బంది లేదు, 45 కింది నుంచే దొరుకుతోంది.

షోరూంకి వెళ్ళినప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి. టెస్ట్ డ్రైవ్‌కి ఇచ్చేది ఎప్పుడూ టాప్ ఎండే. దాన్ని నడిపి, కింది వేరియంటు బుక్ చేసి, డెలివరీ రోజు ఇది లేదేంటి అది లేదేంటి అని ముఖం చిన్నబుచ్చుకున్నవాళ్ళని చూశాను. మీరు కొనే వేరియంటే స్టాక్ యార్డులో ఉంటుంది, చూపించమని అడగండి. అమ్మానాన్నల్ని కూడా తీసుకెళ్ళి, మధ్యాహ్నం పూట వెనక సీట్లో పదిహేను నిమిషాలు కూర్చోబెట్టండి. ఎక్కడం దిగడం సులువుగా ఉందా, వెనక్కి ఏసీ గాలి వస్తోందా, మోకాళ్ళు ఎత్తుగా వస్తున్నాయా వాళ్ళే చెప్తారు. కరెంటు కార్లలో కింద బ్యాటరీ ఉండటం వల్ల వెనక కాళ్ళు పెట్టే చోటు కొంచెం ఎత్తుగా ఉంటుంది. పెద్దవాళ్ళ మోకాళ్ళకి అది తెలుస్తుంది.

మీ విషయానికి మళ్ళీ వస్తే, ఈ వరసలో చేయండి. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించండి. తర్వాత 45లో కింది రెండు వేరియంట్ల బ్రోషర్ పేజీలు పక్కపక్కన పెట్టి, ఫోనులోంచి ఏసీ, వెనక వెంట్లు, క్రూజ్, ప్యాడిల్స్ ఈ నాలుగూ ఎక్కడ మొదలవుతున్నాయో పెన్సిల్‌తో టిక్ పెట్టండి. నాలుగూ అట్టడుగు వేరియంటులోనే ఉంటే ఆ లక్ష కూడా మిగుల్చుకోండి, నాకు అభ్యంతరం లేదు. 7.2 ఛార్జర్ లేకుండా కొటేషన్ రాయించండి. పాత నెలల్లో తయారైన కారు స్టాకులో ఉందని డిస్కౌంట్ ఇస్తే, అది 45 బ్యాటరీదేనా అని కాయితం మీద చూసుకుని తీసుకోండి.

మీ మీటరు మీద శాంక్షన్డ్ లోడ్ ఎంతో, మీటరు నుంచి కారు పెట్టే చోటికి ఎంత దూరమో రాయండి. దగ్గరైతే 15 యాంప్స్‌కి 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు సరిపోతుంది. 20 మీటర్లు దాటితే 6 వేసుకోమంటాను. గంటల తరబడి ఆగకుండా లాగే లోడు కాబట్టి ప్లగ్గు కూడా పాతది వద్దు, కొత్తది మంచి కంపెనీది వేయించి, మొదటి వారం రాత్రి ఒకసారి లేచి దాన్ని చేత్తో ముట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆపేసి నాకు రాయండి.